పెట్టె పాడైతే డిస్కుల గతి ఏమిటి?

సంపాదకులకు నమస్కారం.

ఇంటిల్లిపాది ఫొటోలు, వీడియోలు, పత్రాల కాపీలు ఒక్క కంప్యూటర్‌లో ఇమడనప్పుడు చాలామంది నాలుగైదు హార్డ్ డిస్కులు పట్టే ఎన్‌క్లోజర్ కొనాలనుకుంటారు. వాటిని పరిచయం చేసే వ్యాసాలు వేగం గురించీ, ఎన్ని టెరాబైట్లు పడతాయన్న దాని గురించీ వివరంగా చెబుతాయి గానీ, ఆ పెట్టే పాడైతే లోపలి డిస్కులను ఎలా చదవాలన్న ప్రశ్న జోలికి వెళ్లవు. కొనేవారు అన్నిటికంటే ముందు అడగవలసినది అదేనని అనుభవం మీద చెబుతున్నాను.

నా దగ్గర నాలుగు డిస్కుల ఎన్‌క్లోజర్ ఉండేది. పలు డిస్కులను కలిపి ఒకటిగా వాడే రెయిడ్ పద్ధతుల్లో ఒకటైన రెయిడ్ 5ను అందులోని చిప్పే నడిపేది కనుక, ఒక డిస్కు పోయినా మిగిలిన మూడింటి నుంచి సమాచారం తిరిగి వస్తుందన్న ధీమాతో ఉన్నాను. చివరికి డిస్కులు నాలుగూ బాగానే ఉండగా, పెట్టెలోని సర్క్యూట్ బోర్డు పోయింది. డిస్కులను బయటికి తీసి నేరుగా కంప్యూటర్‌కు కలిపితే వాటిని ఫార్మాట్ చేయమని అడిగింది. సమాచారాన్ని ఏ పరిమాణంలో ముక్కలు చేసి, ఏ వరుసలో ఏ డిస్కుపై పరిచిందో చాలా పెట్టెలు తయారీదారు సొంత పద్ధతిలో రాసుకుంటాయి. ఆ పద్ధతి తెలియని యంత్రానికి అవి ఖాళీ డిస్కులతో సమానం. మా అమ్మగారి చేతిరాత ఉత్తరాల స్కాన్ కాపీలు వాటిలోనే ఉన్నాయి. అదే మోడల్ పెట్టె, ఎవరో వాడి పక్కన పెట్టినది, దొరికేదాకా నాకు మనశ్శాంతి లేదు.

1988లో ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ అనే బర్క్‌లీ పరిశోధకులు రెయిడ్‌ను వివరిస్తూ ప్రచురించిన పత్రంలో ప్రధానంగా చర్చించినది డిస్కుల వైఫల్యం. డిస్కులన్నీ ఒకే బోర్డు మీద ఆధారపడే చిన్న పెట్టెలో ఆ బోర్డుకు రక్షణ ఎక్కడిది? అందువల్ల ఇంటి అవసరాలకు, డిస్కులను విడివిడిగానే కంప్యూటర్‌కు చూపించే పెట్టెను ఎంచుకోవడం మేలని నా అభిప్రాయం. రెయిడ్ కావాలనుకుంటే లినక్స్ వంటి ఆపరేటింగ్ సిస్టమ్‌లోని సాఫ్ట్‌వేర్‌తోనే ఏర్పాటు చేసుకోవచ్చు. అప్పుడు పెట్టె పోయినా డిస్కులను మరో లినక్స్ యంత్రానికి కలిపి చదువుకునే వీలుంటుంది.

ఇక్కడ కూడా ఒక జాగ్రత్త అవసరం. కొన్ని పెట్టెలు డిస్కులను విడిగా చూపిస్తున్నట్టే ఉంటాయి గానీ, డిస్కులోని 512 బైట్ల సెక్టార్లను, అంటే సమాచారం రాసుకునే చిన్న గడులను, 4096 బైట్లవిగా మార్చి చూపుతాయి. ఆ డిస్కును బయటికి తీసి నేరుగా కంప్యూటర్‌కు కలిపితే పార్టిషన్లు, అంటే ఫైళ్లు ఉండే డిస్కు భాగాలు, కనబడవు. మరికొన్ని డిస్కు ఆరోగ్యాన్ని తెలిపే స్మార్ట్ వివరాలను కంప్యూటర్‌కు చేరనివ్వవు. కాబట్టి పెట్టె కొన్న మొదటి రోజే, తిరిగి ఇచ్చే గడువు ఉండగానే, ఒక డిస్కులో కొన్ని ఫైళ్లు రాసి, దాన్ని తీసి మరో కంప్యూటర్‌కు కలిపి అవి తెరుచుకుంటున్నాయో లేదో చూసుకోవాలి.

వేగం గురించి ఇంత తాపత్రయం అక్కరలేదు. మామూలు హార్డ్ డిస్కు సెకనుకు సుమారు 250 మెగాబైట్లకు మించి ఇవ్వడం అరుదు. 5 గిగాబిట్ల యూఎస్‌బీ 400 మెగాబైట్ల దాకా మోయగలదు. నాలుగు డిస్కులూ ఒకేసారి పని చేయాల్సినవారికే 10 గిగాబిట్లది అవసరం. అంతకంటే ముఖ్యం విద్యుత్ అడాప్టర్. 3.5 అంగుళాల డిస్కు తిరగడం మొదలుపెట్టేటప్పుడు 12 వోల్టుల వద్ద దాదాపు 2 ఆంపియర్లు లాగవచ్చు. నాలుగూ ఒకేసారి లేస్తే 100 వాట్లకు దగ్గరవుతుంది. డిస్కులను ఒకదాని తర్వాత ఒకటిగా లేపే పెట్టె అయితే ఈ భారం తగ్గుతుంది. ఫ్యాను ఆగిపోతే మార్చుకోగలిగేలా ఉందో లేదో కూడా చూడాలి.

ఎంత మంచి పెట్టె అయినా పొరపాటున చెరిపేసిన ఫైలును రెయిడ్ తిరిగి ఇవ్వదు. దొంగతనం, అగ్నిప్రమాదం వంటివి జరిగితే నాలుగు డిస్కులూ కలిసే పోతాయి. ముఖ్యమైన వాటికి మరో చోట ఇంకొక కాపీ ఉండి తీరాలి. నేనిప్పుడు మా అమ్మగారి ఉత్తరాల కాపీని అలా మరో చోట కూడా ఉంచాను.

మీ పత్రిక సాంకేతిక పేజీలో ఇటువంటి పెట్టెలను సమీక్షించేటప్పుడు, వేగం పట్టికతో పాటు, దాని డిస్కును తీసి వేరే కంప్యూటర్‌కు కలిపితే చదవగలిగారా లేదా అన్న ఒక్క వాక్యాన్ని తప్పక చేర్చవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు