ఆదివారం విద్యార్థులకూ గ్రంథాలయం తెరవాలి

సంపాదకుల వారికి,

ఇంటర్మీడియట్‌తో చదువు ఆపేసి, ముప్పై ఏళ్ల తరువాత దూరవిద్యలో డిగ్రీ చదువుతున్న గృహిణిని నేను. 1982లో హైదరాబాదులో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయంగా మొదలై, 1991లో డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ పేరును స్వీకరించిన సంస్థ దేశంలోనే మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయమని, దాని తొలి ఉపకులపతి జి. రాంరెడ్డి గారే 1985లో ఏర్పడిన ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయానికీ తొలి ఉపకులపతి అయ్యారని మనలో చాలామందికి గుర్తు లేదు. తెలుగునేల దేశానికి చూపిన దారి అది.

మా ఆదివారం తరగతిలో నా పక్కన ఒక అంగన్‌వాడీ కార్యకర్త, వెనుక బెంచీలో రాత్రి డ్యూటీ దిగి నేరుగా వచ్చే బస్సు కండక్టరు కూర్చుంటారు. పదోన్నతి కోసం వచ్చినవారు ఉన్నారు. కేవలం తెలుసుకోవాలన్న తపనతో వచ్చినవారూ ఉన్నారు, వారిని తక్కువగా చూడవద్దని నా మనవి. ఇరవై ఏళ్లుగా పొదుపు సంఘం లెక్కలు రాస్తున్న నాకు, బ్యాంకు వడ్డీ రేట్లు ఎందుకు పెరుగుతాయో, ఎందుకు తగ్గుతాయో ఆర్థికశాస్త్ర పాఠంలోనే బోధపడింది. ఆ రోజు కలిగిన సంతోషం మాటల్లో చెప్పలేను.

అయితే మేము చదివే కళాశాలలో గ్రంథాలయం ఆదివారం మూసి ఉంటుంది. మిగతా రోజుల్లో మేము పని వదిలి రాలేము. అధ్యయన కేంద్రాలున్న ప్రతి కళాశాలలోనూ తరగతులు జరిగే రోజున గ్రంథాలయాన్ని తెరిచి ఉంచాలని, తెలుగు పాఠ్యపుస్తకాలను పరీక్షలకు చాలినంత ముందుగా అందించాలని ఉన్నత విద్యాధికారులను కోరుతున్నాను.

— ఒక దూరవిద్య విద్యార్థిని, వరంగల్