అక్కా, కోపం తీసెయ్

ప్రెస్టన్, ఇంగ్లండ్ నుంచి

అక్కకు, బావకు దండాలు.

పోయిన ఆదివారం మాట నడుమల్నే ఫోన్ పెట్టేసినవ్. మళ్ల చేస్తె ఎత్తలేదు. ఫోన్ల అయితె ఇద్దరికీ కోపమొస్తది, అందుకే కూసొని రాస్తున్న. ఇక్కడ అందరం మంచిగున్నం. కొడుకు కోడలు పొద్దుగాల పోతె మాపటికి వస్తరు. చిన్నది బడికి పోతది. వాన, చలి మామూలే.

చిన్నవదిన నీకు చూపెట్టిన డాన్స్ వీడియో నాదే. అండ్ల నన్ను పట్టుకోని తిరిగేది మీ మరిదే అక్కా. కోటు ఏసుకున్నడు, ఎనుక నుంచి తీసిన్రు, అందుకే నువ్వు గుర్తు పట్టలేదు. 'ఈ వయసుల ఏం ఎగురుడు' అన్నవ్. ఆ మాట నాలుగొద్దులు నన్ను నిద్రపోనియ్యలేదు.

పోయినేడు ఆయన గుండెకు స్టెంట్ ఏసిన కాన్నుంచి రాత్రిళ్లు ఆయన ఊపిరి వినుకుంట పండేదాన్ని. నీకు చెప్పలేదు, భయపడ్తవని. డాక్టరు రోజు నడువుమన్నడు. ఈ వానల ఒక్కడు ఎట్ల నడుస్తడు? ఇంటెనుక హాల్ల మంగళారం పగటీలి డాన్స్ నేర్పుతరని కోడలే తీస్కపోయింది. అక్కడ అందరు మా ఈడోళ్లే. నడుమ నడుమ చాయ్ తాగుతరు.

వాల్ట్జ్ అంటరు దాన్ని. మూడే లెక్కలు. ఒకటికి పెద్దడుగు, రెండుకు మునికాళ్ల మీద లేసుడు, మూడుకు కాళ్లు దగ్గరికి తెచ్చి మెల్లగ దిగుడు. ఎనుమాముల మార్కెట్ల మిర్చి బస్తాలు లెక్కవెట్టినట్టు ఆయన నోట్లనే ఒకటి, రెండు, మూడు అనుకుంట తిప్పుతడు.

నలభై ఏండ్లు ఆయన ముందల, నేను నాలుగడుగులు ఎనుక. హన్మకొండ చౌరస్తాల నేను ఎన్నిసార్లు తప్పిపోయిన్నో నీకు ఎరికే. ఇక్కడ ఆయన ఎడమకాలు ముందుకేస్తె నేను కుడికాలు ఎనుకకు ఏస్త. నా ఎనుక ఏమున్నదో నాకు కనబడది, ఆయనే చూడాలె. ఎవరన్న అడ్డమొస్తె నా ఈపు మీద చెయ్యిని కొంచెం ఒత్తుతడు, నేను ఆగుత. నా ఎడమ చెయ్యి ఆయన జబ్బ మీద ఉంటది. ఊపిరి ఆడేది ఆ చెయ్యికే తెలుస్తది. ఇప్పుడు రాత్రిళ్లు నిద్ర పడ్తున్నది అక్కా.

బావకు షుగర్ ఎంతున్నది? పోయిన నెల చూపిచ్చిన్రా?

అందరు ఒక్క దిక్కే తిరుగుతరు, గడియారం ముల్లుకు ఉల్ట. లేకుంటె గుద్దుకుంటరు. కండ్లు మూసుకుంటె పద్మాక్షి గుట్ట కాడ బతుకమ్మ చుట్టు తిరిగినట్టే అనిపిస్తది. చప్పట్లే లేవు. మొగోళ్లు తక్కువైతె ఆడోళ్లు ఆడోళ్లే ఆడుతరు. ఎనభై దాటిన ఒకామె నాకు చాచా అనే ఇంకో డాన్స్ నేర్పింది. నువ్వు అనుకునే అసువంటిదేం లేదక్కా.

మొన్న బ్లాక్‌పూల్ పోయినం, రైలుకు అరగంట. అక్కడి టవర్ల ఉన్న డాన్స్ హాల్ 1899ల కట్టిందట. మహాగని, ఓక్, వాల్‌నట్ చెక్క ముక్కలు 30,602 అతికి నేల చేసిన్రు. ఆ నేల మీద కాలు పెట్టంగనే వేయిస్తంభాల గుళ్లె నున్నటి రాయి యాదికొచ్చింది. స్టేజీ మీద ఒకాయన పెద్ద ఆర్గాన్ వాయిస్తుంటె మీ మరిది కండ్లల్ల నీళ్లు తిరిగినయ్. మా పెండ్లి బరాత్ల కూడ ఇట్ల నడువలేదు అన్నడు.

ఇంకొకటి. అమ్మ ఆఖరు రోజులల్ల నిన్ను 'ఎవరు బిడ్డా' అని అడిగింది గద. నాకు గదే భయం. 2003ల అమెరికా డాక్టర్లు 75 ఏండ్లు దాటిన 469 మందిని చూసి రాసిన్రట, డాన్స్ చేసేటోళ్లల్ల మతిమరుపు జబ్బు తక్కువ కనబడ్డదని. డాన్సుతోనే తగ్గిందని వాళ్లు గట్టిగ చెప్పలేదు, కొడుకు చదివి చెప్పిండు. అయినా నాకు ధైర్యమైంది.

సద్దుల బతుకమ్మ నాటికి నేను అక్కడ ఉండలేను. గునుగు పూలు నా పేరు మీద కూడ పెట్టు. మామిడి తొక్కు ఎవరన్న వస్తె పంపు, ఉప్పు తక్కువెయ్యి, ఆయనకు పడది.

ఎండకాలం మీరిద్దరు రండి, టికెట్లు కొడుకు చేస్తనన్నడు. ఈ డాన్స్ చెప్పులకు అడుగున మెత్తటి తోలు ఉంటది, జారినట్టు తిరుగుతది, బయట ఏసుకోవద్దు. నీ కాలు సైజు 5యేనా? బావదెంత? రాయి.

నీ చెల్లె