ఒక్క సర్వేకే గాలి మారిందంటారా?
అమెరికా అధ్యక్ష ఎన్నికల వేళ ఏదో ఒక రాష్ట్రంలో విడ్డూరమైన సర్వే రాగానే గాలి మారిందని రాసేయడం సరికాదు. 2024 నవంబరు 2న అయోవాలో హారిస్‌కు 47, ట్రంప్‌కు 44 శాతమని అక్కడి డిమాయిన్ రిజిస్టర్ పత్రిక సర్వే చెప్పింది. పోలింగ్‌లో ట్రంప్ అక్కడ 13 పాయింట్ల తేడాతో గెలిచారు. ఆ సర్వేలో అడిగింది 808 మందిని, మార్జిన్ ఆఫ్ ఎర్రర్ (కొందరినే అడగడం వల్ల అంకె అటూఇటూ కాగల మేర) 3.4 పాయింట్లు. అది ఒక్కొక్కరి ఓటు శాతానికి వర్తించే అంకె. ఇద్దరి మధ్య తేడాకైతే దాదాపు రెట్టింపు. కాబట్టి ఆ 3 పాయింట్లు ఆధిక్యమే కావు. ఆ వెసులుబాటు ఇచ్చినా 16 పాయింట్ల తప్పు (హారిస్‌కు చూపిన 3, ట్రంప్‌కు వచ్చిన 13 కలిపి) అందులో ఇమడదు. ఫోనెత్తి జవాబిచ్చినవాళ్లూ ఓటేసినవాళ్లూ ఒకే తీరు కాదన్నమాట. 2016లో సర్వేలు తప్పిన విస్కాన్సిన్, మిషిగన్‌లలోనూ డిగ్రీ చదివినవాళ్లే సర్వేలకు ఎక్కువగా దొరికారు, చాలా సంస్థలు ఆ మేరకు లెక్క సరిచేయలేదు. తేడాగా వచ్చిన సర్వేను చెత్తబుట్టలో వేయమనడం లేదు (అందరూ ఒకే అంకె చూపినా అనుమానించాల్సిందే). వార్త పక్కనే చిన్న పెట్టెలో ఎందరిని, ఏ తేదీల్లో అడిగారో, అదే రాష్ట్రంలో రెండు వారాల సర్వేల సగటు ఎంతో, విస్కాన్సిన్ లాంటి పొరుగు రాష్ట్రాల్లోనూ అదే కదలిక ఉందో లేదో వేయండి. అయోవా సర్వే వచ్చిన రోజే మరో సర్వే అక్కడ ట్రంప్‌కు 10 పాయింట్ల ఆధిక్యం చూపింది.