నాన్నకి, చాథమ్ కొండ కబుర్లు

గిల్లింగ్‌హామ్, ఇంగ్లండ్
నవంబరు 16, ఆదివారం రాత్రి

నాన్నా,

నమస్కారం. ఉత్తరం చూసి కంగారు పడకు, నేను బాగానే ఉన్నాను. జ్వరం లేదు, జలుబు లేదు, స్వెట్టర్ వేసుకునే తిరుగుతున్నానని అమ్మకి చెప్పు.

ఫోన్ ఉండగా ఉత్తరమేంటని నవ్వుతారేమో. మొన్న చెల్లి చెప్పింది, నీకు ఎడమ చెవి దాదాపు వినపడటం లేదని, కుడి చెవికి పెట్టుకున్నా ఫోన్‌లో నా మాట గుడగుడమంటోందని. నాకిన్నాళ్ళూ తెలీదు. "తిన్నావా? సరే, అమ్మకిస్తాను" అని నువ్వు టక్కున ఫోన్ ఇచ్చేస్తుంటే, ఆ అప్రెంటిస్ దరఖాస్తు కోపం ఇంకా పోలేదనుకున్నాను. వారం వారం అదే అనుకుంటూ ఫోన్ పెట్టేసేవాణ్ణి. ముప్ఫై ఏళ్ళ పైన బాయిలర్ షాపులో ఆ సుత్తి మోతల మధ్య పనిచేసినవాడికి చెవులెలా ఉంటాయో నాకు తట్టి ఉండాల్సింది. తట్టలేదు. చెవి డాక్టరు దగ్గరికి ఎప్పుడు వెళ్తున్నావు?

చదువు బాగానే సాగుతోంది. జనవరిలో పరీక్షలు. దాని గురించి ఇంతకన్నా రాయడానికేం లేదు.

నిన్న పక్కనే ఉన్న చాథమ్ కొండెక్కాను. కొండ అంటే మన సింహాచలం అనుకోకు, యారాడ కొండలో సగం కూడా ఉండదు. గ్రేట్ లైన్స్ అంటారు. పైనంతా గడ్డి, చెట్లు తక్కువ, మనిషిని తోసేసేంత గాలి. ఆ గడ్డి మధ్యలో తెల్లరాతి స్తంభం ఒకటి. రోజూ బస్సులోంచి చూస్తూ, గుడి లేని ధ్వజస్తంభంలా ఉందే అనుకునేవాణ్ణి. తీరా వెళ్తే అది నేవీ వాళ్ళ యుద్ధ స్మారకం. సముద్రంలో పోయి, శవం దొరకని వాళ్ళకోసం కట్టింది. ఇలాంటివే ప్లిమత్‌లో ఒకటి, పోర్ట్స్‌మత్‌లో ఒకటి ఉన్నాయట, మూడూ ఒకే అచ్చు. 1924లో ఆరంభించారు. నీకు నచ్చే సంగతి ఒకటుంది. ఇంత ఎత్తుగా స్తంభంలా కట్టడం ఊరికే కాదు, వచ్చే ఓడలకి గురుతుగా కూడా పనికొస్తుందని. డాల్ఫిన్స్ నోస్ మీద లైట్‌హౌస్ లాగా, దీపం లేకుండా.

పై నుంచి కిందకి చూస్తే మెడ్‌వే నది, దాని ఒడ్డునే డాక్‌యార్డు. నాన్నా, నాలుగు వందల ఏళ్ళు ఓడలు కట్టిన చోటది. విక్టరీ అనే పెద్ద తెరచాప ఓడని 1765లో ఇక్కడే నీళ్ళలోకి వదిలారు. 1984లో మొత్తం మూసేశారు, నువ్వు మన డాక్‌యార్డులో చేరడానికి రెండేళ్ళ ముందు. వేలమంది పనులు పోయాయి. ఇప్పుడు ఒక బేసిన్‌లో డబ్బున్నవాళ్ళ పడవలు కట్టేసి ఉంటాయి, పాత షెడ్లు మ్యూజియం అయిపోయాయి. ఓసెలాట్ అనే సబ్‌మెరైన్ ఒకటి అందులో పెట్టారు, రాయల్ నేవీకి ఇక్కడ కట్టిన వాటిలో అదే ఆఖరిది. మన కురుసురాకి అన్నలాంటిదన్నమాట. టికెట్ ఖరీదు చూసి లోపలికి వెళ్ళలేదు.

నాకు ఏడెనిమిదేళ్ళప్పుడు రాస్ హిల్ చర్చి దగ్గర నన్ను గోడ మీద నిలబెట్టి, హార్బర్ వైపు వేలు చూపించి "ఆ నీలం రేకులు కనపడుతున్నాయా, అదే నా షాపు" అన్నావు. నాకు కనపడకపోయినా కనపడిందన్నాను. నిన్న ఇక్కడ కింద రేకుల షెడ్లు చూస్తుంటే అదే గుర్తొచ్చింది.

స్తంభం చుట్టూ గోడలకి కంచు పలకలు. మొదటి యుద్ధంలో పోయినవాళ్ళు 8,500 పైచిలుకు, రెండో యుద్ధం వాళ్ళు 10,000 పైచిలుకు. వరసగా చదవడం ఎవరివల్లా కాదు. నేను మాత్రం ఒక పలక దగ్గర ఆగిపోయాను. అక్షరాలు పైకి తేలి ఉంటాయి, వేలితో తడిమితే తెలుస్తాయి. సంవత్సరం, హోదా, దాని కింద ఇంటిపేర్లు. నేననుకున్నట్టు అన్నీ అడ్మిరల్, కెప్టెన్ అని కాదు. స్టోకర్, స్టోకర్, స్టోకర్. బాయిలర్‌లో బొగ్గు వేసేవాళ్ళు. ఆ తర్వాత షిప్‌రైట్లు, అంటే ఓడ వడ్రంగులు, వంటవాళ్ళు. స్మిత్‌లైతే ఎంతమందో! మన మల్కాపురం రేషన్ డిపో జాబితాలో అప్పలరాజులు, అప్పారావులు, అప్పలనాయుళ్ళు వచ్చినట్టు. ఒక్కో స్మిత్‌కి పక్కన ఒకటో రెండో పొడి అక్షరాలు, అంతే తేడా. వాళ్ళ ఇంట్లోవాళ్ళు వచ్చినప్పుడు మన స్మిత్ ఎవరో ఎలా వెతుక్కునేవారో.

స్టోకర్ల వరస చదువుతుంటే నీ యూనిఫాం మసి గుర్తొచ్చింది. అమ్మ దాన్ని వేరే బకెట్లో నానబెట్టేది.

ఒక సంగతి చదివి నాకు రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు. 1914 సెప్టెంబరు 22న ఉత్తర సముద్రంలో ఇంగ్లీషువాళ్ళ పాత యుద్ధ ఓడలు మూడు, అబూకిర్, హోగ్, క్రెస్సీ. ఒకే ఒక్క జర్మన్ సబ్‌మెరైన్. మొదట అబూకిర్‌ని కొట్టింది. తోటివాళ్ళు మునిగిపోతున్నారని మిగతా రెండూ ఆగి, మనుషుల్ని ఎక్కించుకోబోయాయి. ఆగినవాటిని ఆగినచోటే కొట్టింది. గంటన్నరలో మూడూ పోయాయి, 1,459 మంది. అందులో చాలామంది ఈ చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళే, నేవీ వదిలేసి వేరే పనుల్లో ఉండి, యుద్ధం రాగానే మళ్ళీ పిలిస్తే వెళ్ళినవాళ్ళు. ఆగకపోతే బతికేవారు కదా అని ఎంతసేపు అనుకున్నానో. నువ్వైతే "ఆగకుండా ఎలా పోతార్రా" అంటావు, తెలుసు.

మా లైబ్రరీ సంగతి కూడా నిన్ననే తెలిసింది. మా క్యాంపస్ ఒకప్పుడు నేవీ బారక్సు. నేను రోజూ కూర్చుని ల్యాప్‌టాప్ పెట్టుకునే హాలు వాళ్ళ డ్రిల్ హాలు. 1917 సెప్టెంబరు 3 రాత్రి బారక్సులో చోటు చాలక కుర్రాళ్ళు అందులో పడుకుంటే జర్మన్ విమానాలు బాంబు వేశాయి. పైకప్పు అద్దాలది. 130 మందికి పైగా పోయారు. వాళ్ళకి సమాధులున్నాయి కాబట్టి కొండ మీద పేర్లు ఉండవు. ఈ మాట అమ్మకి చెప్పకు, రాత్రిళ్ళు లైబ్రరీకి వెళ్ళొద్దంటుంది. హీటర్ ఖర్చు తగ్గుతుందనే నేను అక్కడ కూర్చునేది.

తాతమ్మ చెప్పే జపాన్ బాంబుల కథ ఏ ఏడాదిది, 1942 కదా? ఏప్రిల్‌లో హార్బర్ మీద వేస్తే ఊరంతా మూటలు కట్టుకుని పల్లెలకి పరిగెత్తారని చెప్పేది. ఇత్తడి బిందె నూతిలో వదిలేసి వెళ్ళారని కూడా. ఆ బిందె మళ్ళీ దొరికిందో లేదో నాకు గుర్తు లేదు.

మనవాళ్ళ పేర్లు ఇక్కడుంటాయేమోనని వెతికాను, దొరకలేదు. మన నావికుల్లో అలా పోయినవాళ్ళని ముంబైలో తలుచుకుంటారట, మస్జిద్ బందర్ దగ్గర. ఎప్పుడైనా ముంబై వెళ్తే చూద్దాం, ఇద్దరం.

ఆ, డచ్చివాళ్ళ సంగతి మర్చిపోయాను. 1667లో వాళ్ళు ఈ నదిలోకే చొరబడి ఇంగ్లీషువాళ్ళ ఓడలు తగలబెట్టి, పెద్ద ఓడని లాక్కుపోయారు. భీమిలిలో సమాధులున్న డచ్చివాళ్ళే! డాక్‌యార్డుని కాపాడుకోవడానికి ఈ కొండ మీద కోటలు కట్టి, శత్రువు దాక్కోకుండా ఈ మైదానాన్ని ఖాళీగా ఉంచారు. అందుకే అంత గాలి.

పోయిన ఆదివారం ఇక్కడ పోయినవాళ్ళని తలుచుకునే రోజు. పాపీ పూల దండలు ఇంకా ఉన్నాయి, కాగితం పూలవి, వానకి రంగు కారి మెట్ల మీద ఎర్రగా చారలు కట్టాయి. అక్కడే కూర్చుని అమ్మ పంపిన మాడుగుల హల్వా ఆఖరి ముక్క తిన్నాను. చలికి రాయిలా గట్టిపడింది. చేతిలో పెట్టుకుని వెచ్చబెట్టి తినాల్సి వచ్చింది. గేటు వేసేసే వేళయింది, లేకపోతే ఇంకాసేపు ఉండేవాణ్ణి.

ఇక్కడి నుంచి నువ్వొక్కడివే చదువు.

శనివారం కొండెక్కే తీరిక ఎక్కణ్ణుంచి వచ్చిందని అడుగుతావు కదా. వేర్‌హౌస్‌లో నా షిఫ్టులు తీసేశారు. తప్పు నాది కాదు, పని తగ్గిందన్నారు. ఒక వారం జీతం తక్కువ వేశారు, అడిగితే చూస్తామన్నారు, ఇంకా చూస్తూనే ఉన్నారు. వేరే చోట రెండు దరఖాస్తులు పెట్టాను. ఎలాగూ స్టూడెంట్ వీసా మీద వారానికి ఇరవై గంటలకి మించి చేయకూడదు కాబట్టి పెద్ద పని అక్కర్లేదు, దొరుకుతుంది. డిసెంబరు దాకా అద్దెకి ఉంది. డబ్బు పంపకు. నీ పీఎఫ్ లోంచి ఇంకొక్క రూపాయి తీసినా నేను ఊరుకోను. అప్పు చేసి వచ్చి కొండలెక్కి తిరుగుతున్నాడని పెదనాన్న అంటే అననీ, కొండకి టికెట్ లేదు.

అప్రెంటిస్ స్కూలు కాగితం నువ్వు తెచ్చిచ్చినప్పుడు పరుపు కింద పెట్టేసి, ఆఖరు తేదీ దాటాక చూపించాను. మర్చిపోయానన్నాను. మర్చిపోలేదు. నీలా మసి పట్టిన చొక్కాతో రావడం నాకిష్టం లేకపోయింది. ఈ మాట ఫోన్‌లో అరిచి చెప్పలేను, అందుకే రాస్తున్నాను. చదువుకోవాలని వచ్చినందుకు బాధ లేదు. అబద్ధం ఆడినందుకు ఉంది.

చెల్లికి ఫీజు కట్టేశారా? దాని కాలేజీ బస్సు సిరిపురం మీదుగానేనా ఇంకా?

ఫోటోలు దాని ఫోన్‌కి పంపాను, పెద్దవి చేసి చూపించమను. మూడో దాంట్లో కుడివైపు మూలన పాత క్రేను ఒకటుంది, కాళ్ళు పట్టాల మీద ఉన్నాయి. మన దగ్గర అలాంటిదుండేదా? ఎన్ని టన్నులు ఎత్తుతుందో చూసి చెప్పగలవా? రాసి పంపు. ఫోన్ వద్దు.

నీ
పెద్దోడు