ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ: షుగర్ ఉన్న పసివాళ్ల చేతి పట్టు చూసే దిక్కెవరు?

అయ్యా, నమస్కారం.

టైప్ 1 డయాబెటిస్ (ఒంట్లో ఇన్సులిన్ తయారుకాక, రోజూ బయటి నుంచి ఇచ్చుకోవాల్సిన షుగర్ జబ్బు) ఉన్న మావాడి గురించి ఇచ్చిన అర్జీలకు ఉలుకూ పలుకూ లేదు కాబట్టి ఇలా నలుగురి ముందూ రాయాల్సి వచ్చింది. ఇలాంటి పిల్లలకు పరీక్షలు చేసి, షుగర్ చూసుకునే స్ట్రిప్పులిచ్చే పథకం మీదే, వివరాలు మీకు నేను చెప్పక్కర్లేదు.

టైప్ 1 డయాబెటిస్ ఉన్న పసిపిల్లల్ని పరీక్షకు పిలిచినప్పుడల్లా మీవాళ్లు ఎత్తు, బరువు, హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల షుగర్ సగటు చెప్పే రక్తపరీక్ష) రాసుకుంటారు. మంచిదే. ఒంటికాలి మీద నిలబడుతున్నాడా, బొత్తాం పెట్టుకోగలుగుతున్నాడా అని మాత్రం ఎవరూ అడగరు. రెటీనాకీ, పాదాల స్పర్శకీ పరీక్షలు పదకొండేళ్లప్పుడు మొదలుపెడతామన్నారు. ఆ సమస్యలు ఏళ్లు గడిస్తేగానీ రావు కాబట్టి అది సబబే. నేనడిగేది ఎదుగుదల గురించి. ఐదేళ్ల వయసులో, ఒళ్లు విశ్రాంతిలో ఉన్నప్పుడు ఖర్చయ్యే శక్తిలో దాదాపు మూడింట రెండు వంతులు మెదడుకే పోతుంది. దానికి ముఖ్యమైన ఇంధనం గ్లూకోజే. ఆ గ్లూకోజే రోజూ పైకీ కిందికీ ఊగుతుంటే బిడ్డ నడక, చేతి పని ఎలా ఉన్నాయో ఒకసారి చూడొద్దా? షుగర్ వల్లే తడబడుతున్నాడని నేననడం లేదు. చాలామంది పిల్లలు మామూలుగానే ఎదుగుతారట. మావాడు ఆ చాలామందిలో ఉన్నాడో లేదో చూడకుండా ఎలా తేలుతుంది?

బొత్తాం పెట్టుకుంటుంటే వాడి చెయ్యి వణుకుతుంది. షుగర్ 70 కంటే దిగి వణుకుతోందా, వేళ్లకింకా పట్టు రాలేదా? వాడు చెప్పలేడు, నాకు తెలియదు. షుగర్ చూడ్డానికి మళ్లీ వేలు గుచ్చాలి. ఇప్పుడు అడక్కముందే మొహం పక్కకు తిప్పుకుని ఉంగరపు వేలు చాపుతున్నాడు. మీరిచ్చే స్ట్రిప్పులేమో నెలాఖరు దాకా రావు, అనుమానమొచ్చిన ప్రతిసారీ గుచ్చడానికి. ఇన్సులిన్ అర యూనిట్ చొప్పున కొలిచి ఇచ్చే పెన్నుల మాటైతే అడగడమే మానేశాను.

చేతి పని చూడమంటే షుగర్ విభాగం వాళ్లు ఎదుగుదల కేంద్రానికి పొమ్మంటారు. అక్కడ చీటీ మీద డయాబెటిస్ అని కనబడగానే, థెరపీ మధ్యలో షుగర్ పడిపోతే బాధ్యత ఎవరిదని వెనక్కి పంపుతారు. గ్లూకోజు పట్టుకుని పక్కనే కూర్చుంటానన్నాను, బతిమాలాను. ఊహూఁ. మీ రెండు విభాగాలకూ మధ్య ఉన్నది ఒక్క వరండా అండీ! అది దాటడానికి ప్రత్యేక ఉత్తర్వులు కావాలంటే దయచేసి ఇప్పించండి, పుణ్యముంటుంది.

కొత్త భవనం అక్కర్లేదు, శంకుస్థాపనా అక్కర్లేదు. ఆర్నెల్లకోసారి డాక్టరూ థెరపిస్టూ ఒకే రోజు, ఒకే గదిలో పిల్లల్ని చూడాలి. చేతి పట్టు, నడక, చూపు, వినికిడి మీవాళ్లు పరీక్షప్పుడు రాసుకునే ఫారంలో చేర్చాలి. స్ట్రిప్పులు సరిపడా ఇవ్వాలి. పరిశీలిస్తామనే జవాబు వద్దు. ఏ నెల నుంచి మొదలవుతుందో రాతపూర్వకంగా చెప్పించండి.

ఇట్లు,
ఒక తల్లి