వ్యాసకర్త పేరు కింద ఏళ్లు కూడా వేయండి

సంపాదకులకు నమస్కారం.

అరుణ్ శౌరి వ్యాసాల అనువాదాలు వేసినప్పుడల్లా మన పత్రికలు ఆయన పేరు కింద ‘కేంద్ర మాజీ మంత్రి, ప్రముఖ పాత్రికేయుడు’ అని రాసి ఊరుకుంటున్నాయి. అది చాలదని చెప్పడానికే ఈ లేఖ. మొన్న ఆదివారం దేవరకొండలో పేపర్లు చదువుకునే బల్ల దగ్గర ఇద్దరు పెద్దమనుషులు ఆయన గురించి వాదులాడుకున్నారు. ‘వాజ్‌పేయి మనిషే గదా, పదవి రాక తిరగబడ్డడు’ అని ఒకరు, ‘కాదు, మొదటి సంది ప్రశ్నించెటోడే’ అని మరొకరు. ఇద్దరికీ తెలిసింది చెరి సగం.

నేను నల్లగొండలో డిగ్రీ చదివే రోజుల్లో శౌరి అంటే సిమెంటు కుంభకోణమే. ఇండియన్ ఎక్స్‌ప్రెస్‌లో 1981లో ఆయన రాసిన కథనాలు, బిల్డర్ల నుంచి ముఖ్యమంత్రి పెట్టిన ట్రస్టుకు విరాళాలు, వారికి సిమెంటు కోటాలు అన్న లెక్కను బయటపెట్టడంతో, మహారాష్ట్ర ముఖ్యమంత్రి అంతులే 1982 జనవరిలో పదవి వదులుకోవలసి వచ్చింది. ఆ శౌరియే తర్వాత బీజేపీలో చేరి, వాజ్‌పేయి ప్రభుత్వంలో పెట్టుబడుల ఉపసంహరణ మంత్రిగా బాల్కో, హిందుస్థాన్ జింక్ వంటి ప్రభుత్వ సంస్థలను ప్రైవేటుకు అప్పగించారు. పార్టీ ఓడాక, 2009లో, దాన్ని తెగిన గాలిపటంతో పోల్చి, ఆరెస్సెస్ చేతుల్లోకి తీసుకోవాలన్నారు. 2014 ఎన్నికలకు ముందు మోదీని సమర్థించారు. మరుసటి ఏడాదే ఆ ప్రభుత్వాన్ని ‘కాంగ్రెస్‌కు ఆవును కలిపితే వచ్చేది’ అని ఎద్దేవా చేశారు. 2018లో రఫేల్ యుద్ధవిమానాల ఒప్పందంపై సుప్రీంకోర్టుకు వెళ్లిన పిటిషనర్లలో ఆయనా ఉన్నారు. ఆ పిటిషన్లను కోర్టు కొట్టివేసింది.

పాత్రికేయుడు పార్టీలో చేరడమే తప్పని నేననను. 1926లో గోలకొండ పత్రిక పెట్టిన మన పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి గారే 1952లో వనపర్తి నుంచి కాంగ్రెస్ తరఫున శాసనసభకు గెలిచారు. అభిప్రాయం మార్చుకోవడమూ తప్పు కాదు; మోదీని సమర్థించడం తన పొరపాటని శౌరి తానే ఒప్పుకున్నారు, ఆ మాట అనగలిగినవారు తక్కువ. నా అభ్యంతరం ఆయన అభిమానుల మీద. అంబేడ్కర్‌ను విమర్శిస్తూ 1997లో ఆయన వెలువరించిన పుస్తకాన్ని నాడు తిట్టినవారు కొందరు నేడు దాని ఊసే ఎత్తకుండా ఆయన వ్యాసాలను పంచుతున్నారు. నాడు ఆ పుస్తకాన్ని నెత్తిన పెట్టుకున్నవారికి ఆయన నేడు అక్కరకు రాని మనిషి. ఆ పుస్తకం విషయంలో నేనైతే ఆయనతో నాడూ ఏకీభవించలేదు, నేడూ ఏకీభవించను.

ఆదివారం వాదన తేల్చుదామని ఇంటికి వచ్చి నా పాత ఫైలు తిరగేశాను. సిమెంటు కత్తిరింపు దొరికింది గాని, అప్పట్లో అంచులు చక్కగా కత్తిరించాలన్న తాపత్రయంలో పైన తేదీ ఉన్న ముక్కను కూడా కోసేశాను. అందుకే అడుగుతున్నాను: వ్యాసం చివర రెండు పంక్తుల్లోనైనా ఆ వ్యాసకర్త ఏ ఏళ్లలో ఏ పత్రికలో, ఏ పార్టీలో, ఏ పదవిలో ఉన్నారో వేయండి. శౌరి ఒక్కరికే కాదు, మీ సంపాదకీయ పేజీలో రాసే పార్టీ నాయకులందరికీ వేయండి.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, దేవరకొండ, నల్లగొండ జిల్లా