ఇల్లు ఖాళీ చేసే కబురు కాగితం మీద ఉండాలి

సంపాదక మహాశయా,

హైదరాబాదులో బడులు తెరిచే ముందు, మళ్లీ ఆషాఢం వెళ్లగానే ఇళ్లు మారేవారు ఎక్కువ. మా కాలనీలో ఇంటివారికీ అద్దెకున్నవారికీ మధ్య మాటామాటా పెరిగేదీ ఆ రోజుల్లోనే. ఖాళీ చేస్తామన్న సంగతి నోటిమాటగా చెప్పి ఊరుకోవడమే చాలా తగాదాలకు మూలమని, ఇల్లు అద్దెకిచ్చేవాడిగా నా అభిప్రాయం.

మా వీధిలో ఒక వృద్ధ దంపతులకు పై వాటా అద్దే ఆధారం. అందులో ఉన్నవారు నెలాఖరున ఫోన్ చేసి, ‘ఎల్లుండి ఖాళీ చేస్తున్నామండీ, రెండు నెలల అద్దె అడ్వాన్సులో సరిపెట్టుకోండి’ అని, చెప్పినట్టే సామాను వ్యానులో వేసుకుని వెళ్లిపోయారు. కట్టని కరెంటు బిల్లు, బిగింపు ఊడిన దోమతెర తలుపు, పగిలిన వాష్‌బేసిన్ ఆ పెద్దవాళ్లకు మిగిలాయి. తప్పంతా అద్దెకున్నవారిదే అనడం లేదు. రెండు నెలల ముందే చెప్పినా, ఇంటాయన ‘నాకెప్పుడు చెప్పారు?’ అని అడ్డం తిరగడంతో, కొత్త ఇంటికి అడ్వాన్సు కట్టడానికి అప్పు చేసిన కుటుంబం కూడా నాకు తెలుసు.

ఒప్పందంలో వేరే షరతు లేనప్పుడు, 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలోని 106వ సెక్షన్ ప్రకారం నెలవారీ అద్దె ఇంటికి 15 రోజుల నోటీసు చాలు. అయితే అది రాతలో, సంతకంతో ఉండాలి. గడువు అవతలివారికి అందిన రోజు నుంచి లెక్కకు వస్తుంది. ఈ నియమం ఇరుపక్షాలకూ ఒకటే. మన 11 నెలల అగ్రిమెంట్లలో సాధారణంగా నెల లేదా రెండు నెలలని రాసుకుంటాం కనుక ఆ గడువే పాటించాలి. కానీ జిరాక్స్ షాపులో పాత ప్రతిలోనే పేర్లు మార్చి తీసిన ఆ స్టాంపు కాగితాన్ని సంతకం పెట్టేటప్పుడు చదివేవారెందరు?

నోటీసుకు లాయరు అక్కర్లేదు. తేదీ, ఇల్లు అప్పగించే రోజు, అడ్వాన్సు ఎంత ఇచ్చారు, అద్దె ఎప్పటివరకు కట్టారు అన్న నాలుగు ముక్కలు రాసి, రెండు ప్రతుల మీదా ఇద్దరూ సంతకం చేసి చెరొకటి ఉంచుకుంటే చాలు. తాళాలు ఇచ్చేనాడు ఇద్దరూ కలిసి గదులు చూసి, కరెంటు మీటరు రీడింగు ఫోటో తీసుకోవాలి. అద్దెకున్నవారు ఇల్లు చూడవచ్చేవారికి రోజుకో గంట వీలు చూపాలి. ఇంటివారు చెప్పకుండా ఎవరినీ పైకి పంపకూడదు. సున్నాల పేరుతో నెల అద్దె కోసుకోవడం మరీ అన్యాయం, ఎందుకంటే వాడకంలో సహజంగా వచ్చే అరుగుదలకు అద్దెదారు బాధ్యుడు కాడని అదే చట్టంలోని 108వ సెక్షన్ చెబుతోంది.

నివాస గృహాలకు అడ్వాన్సు రెండు నెలల అద్దె మించకూడదనీ, రావలసిన బాకీలు మినహాయించి ఇల్లు స్వాధీనం చేసుకునేటప్పుడే తిరిగివ్వాలనీ కేంద్రం 2021లో ఆమోదించిన నమూనా అద్దె చట్టం సూచించింది. కోర్టు మెట్లెక్కే స్తోమత లేని కుటుంబాలకు ఆ ‘అప్పగింత రోజే’ అన్న మాట ఎంతో అండ. మీ పత్రిక ఒక నమూనా నోటీసును తెలుగులో, కత్తిరించి దాచుకునే వీలుగా ప్రచురించాలని, అద్దె ఒప్పందాలు రాసే డాక్యుమెంటు రైటర్లు దాన్ని ఒప్పందంతోపాటే జతచేసి ఇవ్వాలని కోరుతున్నాను.

– ఒక విశ్రాంత ఉద్యోగి, వనస్థలిపురం, హైదరాబాదు